ముందే కుట్టిన కోటు

బామ్మర్ది పెళ్ళిరోజు పొద్దున టైలర్‌గారు ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు: కుర్చీలో కూర్చుని పొగడ్తలు వినడం. మిగతావన్నీ ముందే చేసేశాడు మరి.

వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ రేపుగారే. పిల్లవాడికి కుట్టమని ఇచ్చిన నిక్కరు చేతికొచ్చేసరికి వాడి తమ్ముడికి సరిపోయేది. అందుకే పెళ్ళి కుదిరిన రోజే భార్య ఒక్క మాట చెప్పింది.

"నా తమ్ముడి కోటు కూడా రేపన్నారంటే, నేను పుట్టింటికి పోయేది ఇవాళే."

అంతే, మనిషికి ముందుచూపు పట్టుకుంది. దెయ్యం పట్టినా నయమే, అప్పుడప్పుడైనా వదులుతుంది. ఆ సాయంత్రమే బామ్మర్దిని కొట్లో నిలబెట్టి కొలతలు తీశాడు. వారం తిరక్కుండా కోటు కుట్టి, ఇస్త్రీ చేసి, కవర్లో వేలాడదీశాడు. పెళ్ళికింకా నెలలున్నాయి. ఆ నెలలన్నీ ఏం చేశాడయ్యా అంటే, ఊరికి పాఠాలు చెప్పాడు. గుడ్డ తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, పనులు వాయిదా వెయ్యకూడదని బోధించి, గుడ్డ మూలన పడేసి పంపేవాడు. ఒక్క కోటు ముందు కుట్టినందుకు వీధి వీధంతా పాత బట్టలతో తిరిగింది.

మధ్యలో బామ్మర్ది వచ్చి ఓసారి తొడుక్కుని చూస్తానన్నాడు. ఇస్త్రీ నలుగుతుందని కవరు విప్పనివ్వలేదు. పోనీ మిగిలిన గుడ్డైనా ఇమ్మంటే, పాత నోరు ఊరుకుంటుందా?

"రేపిస్తాలేరా."

కోటు బెంగ తీరిన పెళ్ళికొడుకు నిశ్చింతగా తిన్నాడు. చుట్టాలు వంతులేసుకుని భోజనాలకు పిలిచారు. మర్యాదస్తుడు, ఎవర్నీ నొప్పించలేదు.

తీరా ఇవాళ పెళ్ళి హాలు గదిలో కోటు భుజాలదాకా ఎక్కి ఆగింది. బొత్తాం, కాజా అలిగిన తోడికోడళ్ళలా చెరో వైపు ఉండిపోయాయి. ఉతికి బిగిసేలా చేశావని టైలర్‌గారు భార్య మీద పడ్డాడు. కవరు మారిందేమోనని ఆమె కొట్టుకు పరిగెత్తి, అక్కడ వేలాడుతున్నవీ మూలన పడున్నవీ అన్నీ చేతికందిన గుడ్డలో మూటగట్టి తెచ్చింది. దారిలో ఆ మూట చూసిన మంగలాయన, తన ప్యాంటు పెళ్ళివారికి ఇచ్చేస్తున్నారని కేక పెట్టాడు. దాంతో వీధంతా ఎవరి బట్టల కోసం వాళ్ళు హాలుకొచ్చి పడ్డారు. ఆడపెళ్ళివాళ్ళు వీళ్ళు మగపెళ్ళివారి చుట్టాలనుకుని, చేతులు పట్టుకుని భోజనాలకు కూర్చోబెట్టారు. దెబ్బలాడ్డానికి వచ్చినవాళ్ళు విస్తరి చూసి నెమ్మదించారు.

లోపల పెళ్ళికొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నీ పెళ్ళిలో నీ చెప్పులు దాచానని ఇన్నాళ్ళు కసి పెట్టుకున్నావా బావా?"

"నోర్మూసుకుని ఊపిరి బిగబట్టు" అన్నాడు బావ.

బిగబట్టాడు. బొత్తాం కాజాలో పడింది. పాపం, మనిషన్నాక ఊపిరి వదలాలిగా. మెడ దగ్గర్నుంచి నడుందాకా వీపు కుట్టు పర్రుమంది.

పైకి కనబడకపోయినా అందంగా ఉండాలని, లోపలి మడతంతా ముందే కత్తిరించేసిన మహానుభావుడాయన. వదులు చెయ్యడానికి అంగుళం లేదు. భార్య పెట్టె సర్దడం మొదలెట్టింది. పుట్టింటివాళ్ళంతా అక్కడే ఉన్నారు గనక ప్రయాణం కూడా అక్కర్లేదు, పక్క గదిలోకి మారితే చాలు. బయట పెళ్ళికూతురి నాన్న తలుపు కొడుతున్నాడు.

అప్పుడు పడింది ఆయన కన్ను, మూట కట్టిన గుడ్డ మీద. రేపిస్తానని ఇవ్వని ముక్క అదే.

పెళ్ళికొడుకును గోడవైపు తిప్పి నిలబెట్టి, వీపు మీదే పట్టీ వేసి సూదితో కుట్టేశాడు. తొందరలో పట్టీ వంకరగా వెళ్ళింది. తలుపు తీశారు. వెనకనుంచి చూసిన కుర్రాళ్ళు, ఇదేదో కొత్త ఫ్యాషన్ కాబోలనుకున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చిన మంగలాయనైతే ప్యాంటు సంగతి మర్చిపోయి, తనకూ ఇలాంటి కోటే కావాలన్నాడు. వెనకాల వీధంతా వరస కట్టింది.

భార్య పెట్టె మూత మీద చెయ్యి ఆనించి మొగుడి వంక చూసింది. "చెప్పండి, ఎప్పటికిస్తారో."

"ముందు వాళ్ళని తృప్తిగా తినమను, కొలతలు రేపు తీస్తాను" అన్నాడాయన.