ఖాళీగా ఉన్నప్పుడు టీకి రండి

ఆ శుక్రవారం ఉదయం ఫాన్ బింగ్‌యీ పెట్టుకున్న పని చిన్నదే. ఎనిమిదింటికి కూతురితో టీ హోటలుకు వెళ్లి పెద్ద గుండ్రటి బల్ల పట్టాలి. తొమ్మిదింటికి వచ్చే మాక్ దంపతులకు మర్యాద చేసి పంపాలి. కూతురు వైలాం మాక్ గారి అబ్బాయిని చేసుకుంటానంది. తన తండ్రి సరేనంటే తనకూ సరేనన్నాడు అబ్బాయి. ఈ ఉదయం రాలేదు కూడా. నాన్న ఏమన్నాడో ఫోన్లో తెలుసుకుంటాడట.

"నాన్నా, ఈరోజు కాస్త మాటలు తగ్గించు," అంది వైలాం.

"నేనేం మాట్లాడాను?"

"ఇంకా మొదలుపెట్టలేదుగా. అందుకే ముందే చెప్తున్నా."

ఎనిమిదిన్నరకు ఐదుగురు మనుషులు, ఏడు పెట్టెలు బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

"అన్నా, ఖాళీ దొరికింది. వచ్చేశాం," అన్నాడు ముందున్న మనిషి.

అతను దోంగ్, హార్బిన్‌లో టాక్సీ డ్రైవరు. కిందటి చలికాలం బింగ్‌యీ మంచు చూడ్డానికి వెళ్లి అతని టాక్సీలో తిరిగాడు. దిగేటప్పుడు, రోజూ పొద్దున ఫలానా హోటల్లో ఉంటానని, ఖాళీగా ఉన్నప్పుడు టీకి రమ్మని చెప్పాడు. బింగ్‌యీ ఊరు గ్వాంగ్‌జౌలో ఈ మాట పళ్ల డాక్టరుకీ చెబుతారు, కరెంటు మీటరు చూసేవాడికీ చెబుతారు. ఎవరూ రారు. రాకపోవడమే మర్యాద. హార్బిన్‌లో ఆ మర్యాద లేదు.

"పంపించెయ్," గొణిగింది వైలాం.

"రెండు రోజులు రైల్లో వచ్చినవాళ్లనా?"

దోంగ్, అతని భార్య, ముసలి తల్లి, ఇద్దరు కవల పిల్లలు కూర్చున్నారు. ఊరి అలవాటు ప్రకారం బింగ్‌యీ మొదటి టీతో గిన్నెలు, తినే పుల్లలు కడిగి, ఆ నీళ్లు పెద్ద గిన్నెలోకి వంచాడు. దోంగ్ ఆ గిన్నె రెండు చేతులా అందుకుని గటగటా తాగాడు.

"మంచి టీ. కాస్త పల్చన," అని తల్లికిచ్చాడు. ఆమె రెండు గుక్కలు తాగి బింగ్‌యీకిచ్చింది. "నువ్వూ తాగు నాయనా."

కడిగిన నీళ్లని చెబితే వచ్చినవాళ్ల పరువు పోతుంది. బింగ్‌యీ కళ్లు మూసుకుని తాగాడు. తెరిచేసరికి ఎదురుగా మాక్ దంపతులు.

మాక్‌ది మూడు తరాల టీ వ్యాపారం. గిన్నెలోకి తొంగి చూశాడు.

"మీ ఇంట్లో ఇలాగే తాగుతారా?"

"అప్పుడప్పుడూ," అన్నాడు బింగ్‌యీ. వైలాం బల్ల కింద నాన్న కాలు తొక్కబోయి మాక్ భార్య కాలు తొక్కింది.

ఈ విందు తమ కోసమేననుకుని దోంగ్ పొంగిపోయాడు. మాక్ భుజం మీద చెయ్యేసి, "మాకోసం మీరు కూడా వచ్చారా అన్నా," అన్నాడు. కవలలు బల్ల మీది తిరిగే పళ్లాన్ని బొంగరంలా తిప్పారు. రొయ్యల కుడుములు మాక్ ముందు నుంచి నాలుగుసార్లు వెళ్లాయి. ఒక్కసారీ ఆగలేదు.

మాక్ లేచాడు. "చాలా సంతోషం ఫాన్ గారూ. ఖాళీగా ఉన్నప్పుడు టీకి రండి."

వైలాం ముఖం పాలిపోయింది. ఈ ఊళ్లో సంబంధం వద్దని ఇంతకంటే గట్టిగా ఎవరూ చెప్పరు.

"ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు దోంగ్.

"ఎప్పుడైనా."

"రేపు?"

"రేపు కొట్లో పనుంది."

"పోనీ ఎల్లుండి?"

మాక్ ఆలోచించేలోపు ఆయన భార్య అందుకుంది. ముప్పయ్యేళ్లుగా మొగుడు మనుషుల్ని ఇలా తప్పించుకోవడం చూసి ఆమెకు విసుగెత్తింది. "ఎల్లుండి ఆదివారం. ఈయన ఇంట్లోనే పడి ఉంటారు. అందరూ రండి."

ఆదివారం ఏడుగురూ వెళ్లారు. ఈ రెండు రోజుల్లో వైలాం నోట సంబంధం సంగతంతా విన్న దోంగ్ తల్లి, మూడో కప్పు టీ దగ్గర మాక్‌ను సూటిగా అడిగింది. "పిల్ల నచ్చిందా, లేదా? లేకపోతే లేదని చెప్పు. తేలిపోతుంది."

మాక్ నోరు తెరిచాడు. ఒక మనిషి ముఖం మీద లేదనడం ఆయన అరవై ఏళ్లలో ఎన్నడూ చెయ్యలేదు. ఎలా చేస్తారో కూడా తెలియదు.

"మంచి పిల్లే," అన్నాడు.

"ఏ నెలలో చేద్దాం?" అంది ముసలావిడ.

ఐదు నెలల తర్వాతకు ముహూర్తం కుదిరింది. వైలాం ముసలావిడను కావలించుకుని ఏడ్చింది. పెళ్లికి మళ్లీ ఇంత దూరం రావడం కష్టమని దోంగ్ బాధపడ్డాడు. బింగ్‌యీ మర్యాదకు, "అప్పటిదాకా మా ఇంట్లోనే ఉండండి," అన్నాడు.

ఉన్నారు.