ఏడో సభకు పిడుదు

"వంద రోజుల తరవాత ఈ గడ్డ మీద ఒక్క పిడుదు కనిపించినా నన్నడగండి" అని మంత్రిగారు ప్రకటించారు. అడగడానికి ఎక్కడికి రావాలో చెప్పలేదు గానీ చప్పట్లకేం లోటు రాలేదు.

అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు పశువుల డాక్టరు. అడవి అంచు ఊళ్ళలో పిడుదు జ్వరంతో మనుషులు పోతున్నారని, పశువులకు మందు, పొలం వెళ్ళేవాళ్ళకు ఒంటికి పూసుకునే నూనె కావాలని ఆయన పదకొండు ఉత్తరాలు రాశాడు. పన్నెండోది రాయకముందే ప్రభుత్వం కదిలింది. మందు రాలేదు, నూనె రాలేదు. అవగాహన యాత్ర వచ్చింది. వారానికో ఊరు, మొత్తం ఏడు సభలు. ప్రతి సభలోనూ మంత్రిగారు పట్టకారుతో ఆవు ఒంటిని పట్టుకుని రక్తం తాగుతున్న పిడుదునొకదాన్ని పీకి గాజుసీసాలో వేస్తారు. కెమెరాలు అది చూస్తాయి.

మొదటి సభలో చిన్న పొరపాటు జరిగింది. మంత్రిగారు ముట్టుకుంటారు కదా అని ఆవుగలావిడ ముందురోజే మందు పెట్టి ఆవును అద్దంలా కడిగేసింది. మంత్రిగారు చెవుల దగ్గర మొదలుపెట్టి తోకదాకా పావుగంట వెతికారు. ఆవుకు హాయిగా ఉండి కళ్ళు మూసుకుంది. కెమెరాలవాళ్ళు టీకి వెళ్ళిపోయారు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. యాత్ర ముగిసేవరకు ప్రదర్శన ఆవుకు మందు పెట్టరాదు. పిడుదులను గౌరవ మంత్రివర్యులు స్వహస్తాలతో తప్ప ఇతరులెవ్వరూ తొలగించరాదు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో పిడుదులకు ఇంత రక్షణ కల్పించిన ఉత్తర్వును డాక్టరు చూడలేదు.

రెండో సభకు అడవి అంచు నుంచి పిడుదులు నిండుగా ఉన్న ఆవును వ్యానులో తెచ్చారు. మంత్రిగారు మట్టిలో కాలు పెట్టరు కనక పక్కనే ఎర్ర తివాచీ చుట్ట కూడా ఎక్కింది. ఆవు, తివాచీ ఒకే వ్యానులో ఊరూరా తిరిగాయి. సభలో పీకేది ఒక్క పిడుదునే. మిగతావి వాటి ఇష్టం.

ఒకరోజు కారులో డాక్టరు ధైర్యం చేశాడు. అడవిలో ఎలుకనో కోతినో పట్టుకున్నప్పుడు పిడుదుకు వైరస్ అంటుకుంటుందనీ, అది ఆవెక్కి ఊళ్ళోకొస్తుందనీ, ఆవుకేమీ కాదు గానీ రాలి మనిషినెక్కితే జ్వరమేననీ విడమరిచి చెప్పాడు.

"అంటిపెట్టుకుని ఉండదన్నమాట" అన్నారు మంత్రిగారు.

"రక్తం దొరికినన్నాళ్ళు ఉంటుంది సార్. కడుపు నిండగానే దిగిపోయి ఇంకొకరిని చూసుకుంటుంది."

మంత్రిగారు కిటికీ వైపు తిరిగారు. ఆయన ఇప్పటికి మూడు పార్టీలు మారారు. ముందు సీట్లో పీఏ అద్దంలోంచి డాక్టరు వంక గుడ్లురిమాడు.

మూడో సభ తరవాత తివాచీ పరిచే ఆయన జ్వరంతో ఆసుపత్రిలో పడ్డాడు. తరవాత తివాచీ మీద ముందు వరసలో కూర్చున్నవాళ్ళు పడ్డారు. ఏడో సభ డాక్టరు భార్య టీచరుగా ఉన్న బళ్ళో పెట్టారు. ఆ తివాచీ మీద కూర్చోవలసింది ఆవిడ రెండో తరగతి పిల్లలు, వాళ్ళ మధ్య ఆవిడ. డాక్టరు జ్వరాలొచ్చిన ఊళ్ళను మ్యాపులో గుర్తు పెట్టాడు. సభకు ముందురోజు మ్యాపు చంకన పెట్టుకుని మంత్రిగారి ఆఫీసుకు వెళ్ళాడు.

"ఇవి మనం వెళ్ళిన ఆరు ఊళ్ళు సార్. అయిదింట్లో జ్వరాలున్నాయి. కడిగిన ఆవున్న మొదటి ఊళ్ళో లేవు. అడవి అంచును వదిలేస్తే, వెళ్ళని ఊళ్ళలో లేవు. ఆ ఆవును, తివాచీని ఆపెయ్యండి సార్."

మంత్రిగారు మ్యాపును ప్రేమగా నిమిరారు. "చూశావా డాక్టరూ, మనం వెళ్ళినచోట జనం మేలుకుని జ్వరాలు చెప్పుకుంటున్నారు. మొదటి ఊళ్ళో సభ ఫెయిలైంది, చైతన్యం రాలేదు. వెళ్ళనిచోట పాపం దాచుకుంటున్నారు." యాత్రను ఇంకో ఇరవై ఊళ్ళకు పొడిగించమని అక్కడికక్కడే ఫైలు తెప్పించారు.

సంతకానికి ఆయన వంగినప్పుడు కాలరు పక్కన, మెడ మీద, మినప గింజంత నల్లగా ఒకటి కనిపించింది.

"సార్, మీ మెడ మీద పిడుదుంది. తక్షణం తియ్యాలి, ప్రమాదం" అని డాక్టరు జేబులోంచి పట్టకారు తీశాడు. పీఏ ఆ చెయ్యి పట్టుకుని, సర్క్యులర్ చదవలేదా అని మందలించాడు. ఆ వెంటనే అతని ముఖం వెలిగిపోయింది. వంగి మంత్రిగారి చెవిలో ఏదో చెప్పాడు.

"నా ఒంటి మీంచి, నా చేత్తో, స్టేజీ మీద!" అన్నారు మంత్రిగారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ప్రజల కోసం ఇంతకంటే ఏమివ్వగలను?"

డాక్టరు మరోసారి ప్రమాదమన్నాడు. మంత్రిగారు చెయ్యూపారు. డాక్టరు పట్టకారు జేబులో పెట్టేసుకున్నాడు.

"అయితే సార్, రేపటి నుంచి ఆవు అక్కర్లేదు. తివాచీ పరిస్తే మీ త్యాగం ముందు వెలవెలబోతుంది."

"అవును. రెండూ వద్దు. రాసుకో" అన్నారు మంత్రిగారు. పీఏ రాశాడు. డాక్టరు ఆ కాగితం మీద సంతకం పెట్టించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలుపు వినిపించింది.

"డాక్టరూ, రేపు పది గంటలకు గదా సభ. అందాకా ఇది జారిపోదు గదా?"

"కడుపు నిండేదాకా కదలదు సార్."

మంత్రిగారు నిశ్చింతగా కాలరు సర్దుకున్నారు.