కాలువకు పెట్టని గుర్తు

కొత్తరేవు పురపాలక సంఘం వెబ్‌సైటు కాలువ కంపు ఫిర్యాదును పరిష్కరించిన మరుక్షణం, కర్రీ పాయింట్ పైడితల్లి ముఖాన ముక్కు లేకుండా పోయింది. నియమాల ప్రకారమే పోయింది.

ఇదివరకు ఆ వెబ్‌సైటు ఫిర్యాదుదారు నకలును, ప్రోగ్రాములో పని జరిపించే ఫంక్షన్‌లోకి పంపేది. భోజనాలు పెట్టే ఫంక్షన్ కాదు లెండి, మనల్నే వడ్డించే ఫంక్షన్. లోపల నకలును ఏం చేసినా ఇంట్లో అసలు మనిషి చెక్కుచెదిరేవాడు కాదు. కొత్త ప్రోగ్రామరు వచ్చి పేరు ముందు & గుర్తు తగిలించాడు. అప్పట్నుంచి నకలు బదులు సాక్షాత్తూ మనిషే పట్టుబడతాడు. లోపల ఏది మారిస్తే బయట అదే మారుతుంది. కంపు ఫిర్యాదులకు ముక్కును సున్నా చెయ్యడమే చౌకని తీర్మానించారు.

పైడితల్లి ముక్కుసూటి మనిషి. పులుసు వాసన చూసి ఉప్పు చాలిందో లేదో చెప్పే ముక్కు అది. ఆ పూట పులుసును జనం వెనక్కి తెచ్చి గుమ్మంలో పోశారు. సోమవారం ఆమె అర్జీల కౌంటరులో గుమస్తా దాలినాయుణ్ణి నిలదీసింది.

"ఏటి బాబూ, కాలవ బాగుసెయ్యమంటే నన్ను బాగుసేసినారేటి?"

"కాలవా సేసేసినాం అప్పా, సూడు." తెర ఇటు తిప్పాడు. కాలువ అద్దంలా మెరుస్తోంది, గట్టున పూలకుండీలు.

"మరి మా ఈదిలో అలాగే కుళ్లుతోందేటి?"

"కాలవకి నకలే పంపుతాం. మనిసినైతే అసలే పంపుతాం."

పైడితల్లి కీబోర్డు లాక్కుని 'కాలువ' ముందు & కొట్టింది.

"ఓలమ్మో! దానికి ఎట్టీకప్పా! ఎడితే పని నిజంగా సెయ్యాల!"

దాలినాయుడు గబగబా చెరిపేసి, ఆమె నోరు పారేసుకుందని నమోదు చేశాడు. సాయంత్రానికి నోరు పోయింది. అయినా కాళ్లరిగేలా తిరిగింది, అవీ అరిగిపోయాయి. అలా వారానికి కొంత చొప్పున మనిషంతా పరిష్కారమైంది. కుడిచెయ్యి ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఫిర్యాదు మూసెయ్యాలంటే 'సంతృప్తి చెందాను' అన్న చోట వేలిముద్ర కావాలి మరి.

ఇప్పుడు ప్రతి సోమవారం ఆ చెయ్యి వరుసలో వస్తుంది. కౌంటరెక్కి చూపుడువేలితో & కొడుతుంది. దాలినాయుడు చెరుపుతాడు. మళ్లీ కొడుతుంది. బొటనవేలు మాత్రం పిడికిట్లోనే దాచుకుంటుంది.

"ముద్రెయ్యప్పా, నీకు పున్నెముంటాది," అని అతను బతిమాలుతాడు. పిడికిలి ఇంకాస్త బిగుస్తుంది.

ఇదేమిటని ఊళ్లో ఎవరూ అడగలేదు. ఈమధ్య ఆ చెయ్యి వెనక మిగతా ఫిర్యాదుదారుల పిడికిళ్లూ పెరిగి తోపులాట అవుతుంటే, పురపాలక సంఘం వాటికి విడిగా ఓ క్యూ ఏర్పాటు చేసింది.