ఐలేశం ఆకలి

ఐలేశం పోయిన మూడోనాడు పొద్దున్నే గుర్వమ్మ అనుకున్న పని చాలా చిన్నది. పెనిమిటికి ఇష్టమైన జొన్నరొట్టె, కోడికూర, కల్లుముంత వాగు ఒడ్డున ఆకులో పెట్టాలి. కాకి ముట్టగానే ఇంటికొచ్చి, తలుపేసుకుని, తనివితీరా ఏడవాలి. కానీ కేతేపల్లి చుట్టుపక్కల కాకులన్నీ రజాకార్లకు జడిసి ఊరొదిలాయో ఏమో, ఒక్కటీ వాలలేదు.

"అన్నకు ఏదో కోరిక మిగిలింది. ఏందో అడుగు వదినా," అన్నాడు మరిది గాలయ్య.

గుర్వమ్మకు సద్దిమూట గుర్తొచ్చింది. రెండేళ్లుగా ఐలేశం జొన్న చెలకకు పోతూ ఆరుగురికి సరిపడే సద్ది కట్టించుకునేవాడు. ఎందుకయ్యా అంటే "ఆకలైతాంది" అనేవాడు. మనిషి చూస్తేనేమో ఎండుపుల్ల! ఆ సద్ది తినేది ఎవతో, ఏ ఊరిదో! ఈ దిగులు ఆమె కన్నకొడుకు దశరథానికి కూడా చెప్పుకోలేదు. ఇవాళో రేపో నిలదీద్దామనుకునేలోపు జ్వరమొచ్చి ఆయన కాస్తా దాటిపోయాడు.

ఆమె ఆకు మీదికి వంగి గొణిగింది. "అది ఎవతైనా సరే, ఆకలికి సావనియ్య. జర ముట్టు."

అయినా కాకి రాలేదు. "అన్నకు చెలకంటే పానం. ఆడ పెడ్దాం," అన్నాడు గాలయ్య. చెలక గట్టున తుమ్మచెట్టు కింద పెట్టి, ఆచారం ప్రకారం అందరూ వెనక్కి చూడకుండా దూరం పోయారు. తిరిగొచ్చి చూస్తే రొట్టె లేదు, కూర లేదు, ముంత లేదు. ఆకు కూడా లేదు.

"కాకి గాదు! అన్ననే వచ్చిండు!" గాలయ్య నేలమీద సాగిలపడ్డాడు. అందరికీ ఒళ్లు జలదరించింది. గుర్వమ్మకు మాత్రం ఒళ్లు మండింది. మాట తీసుకుని మరీ ముట్టాడంటే, ఆ ఎవతో ఉన్నట్టే కదా!

మర్నాడు పెట్టిందీ మాయమైంది. దాంతో ఊరు ఊరంతా కదిలింది. వానకు మొక్కినవాళ్లు పాశం తెచ్చారు, బిడ్డ పెండ్లికి మొక్కినవాళ్లు గారెలు తెచ్చారు. సంగతి దొర చెవిన పడింది. లెవీ ధాన్యం బాకీ పేరు చెప్పి ఐలేశం ఎద్దును తోలించుకుపోయింది ఆయనే. తిండికి లేచినవాడు ఎద్దుకోసం లేవడా? మేకకూర, సన్నబియ్యం బువ్వ గంపకెత్తించి, ఎద్దును వెంటబెట్టుకుని స్వయంగా గట్టుకు వచ్చాడు.

"ఐలేశం, తప్పయింది. కడుపునిండ తినుర్రి," అని చేతులు జోడించాడు. దొర రెండు చేతులు కలవడం ఊరు ఎన్నడూ చూసి ఎరగదు.

"అమ్మా, బాపు దేవుడైండే!" అన్నాడు దశరథం కళ్లు తుడుచుకుంటూ.

"మీ దేవుని సంగతి నేను జూస్త," అంది గుర్వమ్మ పళ్లు నూరుతూ.

జనం పోయినా ఆమె పోలేదు, గట్టు చాటున నక్కింది. కాసేపటికి జొన్నచేను కదిలింది. గంప మీదికి ఒక చేయి వచ్చింది. ఆడదాని చేయే! గుర్వమ్మ ఒక్క దూకున జుట్టు పట్టుకుంది. "దొరికినవే!"

జుట్టుతోపాటు తుపాకి కూడా బయటికొచ్చింది. ఆ వెనక జొన్నల్లోంచి నలుగురు మగవాళ్లు లేచారు. పగిలిన పాదాలు, మాసిన గడ్డాలు. దొరల మీద తిరగబడ్డ సంగపోళ్లు! వీళ్ల ఆచూకీ కోసమే దొర ఊరూరా మనుషులను తిప్పుతున్నాడు.

ఆ పిల్ల తుపాకి దించి, జుట్టు విడిపించుకోకుండానే అడిగింది. "గుర్వమ్మవా, అమ్మా? రెండేండ్ల సంది నీ చేతి రొట్టెనే తింటున్నం. బాపు ఏడి? మనుషుల అలికిడైతే మేం చేను నడిమికి పోతం. మేమొచ్చేసరికి బువ్వ ఉంటాంది గని బాపు కండ్లవడ్తలేడు. మామీద కోపమొచ్చిందా?"

గుర్వమ్మ చేయి జారిపోయింది. పిల్లి అరిస్తే ఉలిక్కిపడే మనిషి! దొర జీతగాడు కేకేస్తే గోడచాటుకు పోయే మనిషి! పెళ్లాం బిడ్డల మీదికి ముప్పు రాకూడదని నోరు కుట్టుకుని, ఇంతపని చేశాడా? అటువంటివాణ్ని పట్టుకుని తాను రెండేళ్లు ఏమేమి అనుకుంది!

"మీ బాపు పోయిండు బిడ్డా," అంది. అక్కడే కూలబడి ఆ పిల్లను కావలించుకుని ఏడ్చింది. తుపాకులు పక్కన పెట్టి వాళ్లూ ఏడ్చారు. చివరికి గుర్వమ్మే ముక్కు చీదుకుని గంప ముందుకు జరిపింది. "తినుర్రి, చల్లారుతాంది."

ఆమె ఇంటికి చేరేసరికి గాలయ్య వాకిట్లోనే ఉన్నాడు. "అన్న కండ్లవడ్డడా వదినా? ఏమన్నడు?"

"కండ్లవడ్డడు," అంది గుర్వమ్మ. "ఇంకా కొన్ని కావాల్నంట. దొరకు జెప్పు."

ఆ వారంలో ఐలేశం ఆత్మకు అయిదు జతల చెప్పులు కావలసి వచ్చాయి. ఒక జత కొలత ఇంకో జతకు కలవకపోయినా, దొర కిక్కురుమనకుండా అన్నీ కుట్టించి పంపాడు.