చుక్క నీరు లేని చికెన్

"ఫ్రీజర్ చికెన్‌లో చుక్క నీరుందని ఎవరైనా రుజువు చేస్తే, ఆ క్షణమే నా పదవికి నీళ్ళొదులుకుంటాను!" అని ఆహారశాఖ మంత్రిగారు ప్రకటించారు.

ఎక్కడో కాదండీ, మా సూపర్ మార్కెట్లో, నా ఫ్రీజర్ ముందే. ఆ ఫ్రీజర్ విభాగానికి ఇన్‌చార్జిని నేనే. మంత్రిగారి ఒక చేతిలో కిలో ప్యాకెట్టు, రెండో చేతిలో మైకు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా ఆయన ప్యాకెట్టూ వదల్లేదు, మైకూ వదల్లేదు. అంత పట్టుదల ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి!

అసలు గొడవేమిటంటే, నెల రోజులుగా ఊళ్ళో వంట చేసేవాళ్ళందరిదీ ఒకటే మొర. వేయిద్దామని మూకుట్లో వేస్తే ముక్కలు ఈత కొడుతున్నాయట. కిలో కొంటే చివరికి గుప్పెడు మిగులుతోందట. పేపర్లవాళ్ళకి ఇంకేం పనుంది, రాసేశారు.

"సార్, కోడికి సూదులతో ఉప్పునీళ్ళు ఎక్కిస్తున్నారట, నిజమేనా?" అని ఓ విలేకరి అడిగాడు.

"సూది వేస్తే తప్పా? మీ పిల్లలకి వేయించరా?"

"కోడి చచ్చిపోయాక వేస్తున్నారు సార్."

"అదీ మా ప్రభుత్వ చిత్తశుద్ధి. ప్రాణం పోయాక కూడా వైద్యం ఆపలేదు!"

నేను చప్పట్లు కొట్టాను. కొట్టాలనిపించింది, కొట్టాను.

వెంటనే మంత్రిగారు ప్రభుత్వ ల్యాబులో పరీక్షకి ఆదేశించారు. నీళ్ళు నమలకుండా రిపోర్టు ఇవ్వాలని గట్టిగా చెప్పారు కూడా. ఆ ల్యాబులో రిపోర్టులు రాసేది ఎవరనుకున్నారు? మా బావే, మా అక్క మొగుడు. పాలలో నీళ్ళు కలిపాడని సొంత పెదనాన్న మీదే కేసు రాసిన ఘనుడు. ఆ పెదనాన్న ఇప్పటికీ మా బావ కనిపిస్తే వీధి దాటి అవతలి పక్కకి వెళ్ళిపోతాడు.

శాంపిల్ ప్యాకెట్లు మోసుకెళ్ళింది నేనే కాబట్టి పరీక్ష కళ్ళారా చూశాను. బావ కిలో చికెన్ కరగబెట్టాడు, వడగట్టాడు, ఏవేవో మందులు కలిపాడు, మళ్ళీ తూచాడు. తేలిందేమిటంటే మాంసం ఆరువందల నలభై గ్రాములు, ఎక్కించిన నీళ్ళు మూడువందల ఇరవై, మిగతా నలభై ఉప్పూ, పిండీ, ఫాస్ఫేటు పొడీ.

"ఫాస్ఫేటు ఎందుకు బావా?"

"పోసిన నీళ్ళు కారిపోకుండా పట్టుకోడానికి."

"అంటే కాపలా అన్నమాట."

"దొంగకి కాపలా," అన్నాడు బావ విసుగ్గా.

రిపోర్టు ఫారంలో 'నీరు: ఉంది / లేదు' అని ఓ గడి ఉంటుంది. బావ 'ఉంది' చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టి, సంతకం చేయబోతుండగా మంత్రిగారి పీఏ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. బావ స్పీకర్ పెట్టాడు.

"సార్ మీకు అభినందనలు చెప్పమన్నారండీ. లేదనే కదా రాశారు?"

"ఉందని రాశానండీ."

"అలాగా. మీ అమ్మాయి పరీక్షలెప్పుడు?"

"వచ్చే నెల. ఎందుకు?"

"ఏం లేదండీ. అక్కడ మంచి స్కూల్ లేదట."

"ఎక్కడ?"

"మీరు వెళ్ళబోయే చోట."

ఆ సాయంత్రం అక్క ఇంట్లో పొయ్యి వెలగలేదు. "ఏమండీ, ఆ గడిలో సున్నా ఇటు కాకుండా అటు చుడితే మీ సొమ్మేం పోతుంది?" అంది అక్క.

"పదిహేడేళ్ళుగా ఉన్నది ఉన్నట్టు రాశానే. ఇప్పుడు ఓ కోడి కోసం అబద్ధం రాయమంటావా?"

"కోడి కోసం కాదు, కూతురి కోసం రాయమంటున్నా!"

నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. ఇద్దరూ నావాళ్ళే, ఇద్దరిదీ న్యాయమే. ఎటు సర్దిచెప్పాలో తెలీక మంచం కింద చెప్పులు వెతుక్కుని వచ్చేశాను.

కానీ మంత్రిగారు దయగల మనిషండీ. సంతకం కోసం బలవంతపెట్టకుండా నిపుణుల కమిటీ వేశారు. కమిటీ ఒకే పూటలో తేల్చేసింది. ప్యాకెట్లో ఉన్నది మంచు. మంచు వేరు, నీరు వేరు. కరగబెట్టి నీటిని పుట్టించింది పరీక్షకుడే. కాబట్టి ఇకనుంచి చికెన్‌ని కరగనివ్వకుండా పరీక్షించాలి.

"మరి వండితే కరగదా?" అన్నాడు బావ.

"అది వండినవాళ్ళ పొరపాటు," అన్నాడు కమిటీ పెద్ద.

కొత్త పద్ధతి కెమెరాల ముందు ప్రదర్శించడానికి మంత్రిగారు మళ్ళీ నా ఫ్రీజర్ దగ్గరికే వచ్చారు. సుత్తి తీసుకుని చికెన్ మీద ఠంగుమని కొట్టారు. "చూశారా? ఒక్క చుక్క రాలిందా?" అన్నారు. రాలలేదు. అక్కడితో ఆపితే బాగుండేదేమో గానీ, ప్యాకెట్టు పట్టుకుని నలభై నిమిషాలు ప్రసంగించారు. పైన టీవీ లైట్లు భగభగమంటున్నాయి. ముందు బూట్లు తడిశాయి, తర్వాత నేల తడిసింది.

"సార్, ఆ కారేదేమిటి?" అన్నాడు విలేకరి.

"చెమట," అన్నాడు పీఏ.

"ఎవరిది?"

"ప్రజల కోసం కష్టపడిన కోడిది."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోంచే బావ ముందుకొచ్చాడు. రిపోర్టు పైకెత్తి చూపించాడు. "కిలోకి మూడువందల ఇరవై మిల్లీలీటర్ల నీళ్ళు. ఇదిగో నా సంతకం. ఎక్కడికి పంపిస్తారో పంపించండి," అన్నాడు. జన్మలో మొదటిసారి మా బావని చూసి నా ఛాతీ ఉప్పొంగింది. వెనక వరసలో అక్క మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది.

మంత్రిగారు నీళ్ళు నమిలారు. పీఏ ఆయన చెవిలో ఏదో ఊదాడు. ఆయన మొహం వెయ్యి క్యాండిళ్ళ బల్బులా వెలిగిపోయింది.

"ఎంతన్నారు?"

"మూడువందల ఇరవై అండీ."

నావైపు తిరిగారు. "ఊరు మొత్తానికి నెలకి ఎన్ని కిలోలు అమ్ముడవుతుందోయ్?"

"రెండు లక్షలు ఉంటుంది సార్."

"అరవై నాలుగు వేల లీటర్లు!" మంత్రిగారి గొంతు గద్గదమైంది. "సోదరులారా, ఇంటింటికీ నీళ్ళిస్తామని ఎన్నికల్లో మాటిచ్చాం. పైపు వెయ్యలేదు, గొయ్యి తవ్వలేదు, అయినా నీళ్ళు తిన్నగా మీ వంటింట్లోకి చేరుతున్నాయి. అబద్ధమెరగని అధికారి సంతకం చేసి మరీ చెబుతున్నాడు!"

ఆయన మాట తప్పే మనిషి కాదు. ఆ సాయంత్రమే ఆహారశాఖకి రాజీనామా చేశారు. మర్నాడు పొద్దున్నే నీటి సరఫరా శాఖ మంత్రిగా ప్రమాణం చేశారు.

బావకి బదిలీ లేదు. పైగా నీటి శాఖలో ముఖ్య కొలతల అధికారిగా ప్రమోషన్. ఆయన రిపోర్టుని నిలువెత్తు పోస్టరు చేసి కూడలి కూడలికీ అంటించారు. అక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు, వీధంతా మిఠాయిలు పంచింది. బావ మాత్రం ఆ పోస్టరు కింద నిలబడి తన సంతకాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"నేను నిజమే రాశాను కదరా?"

"అక్షరం పొల్లు పోకుండా నిజమే రాశావు బావా."

"మరి ఇలా అయిందేమిట్రా?"

నేను భుజం తట్టి డ్యూటీకి వచ్చేశాను.

నిన్న పొద్దున్నే షట్టర్ ఎత్తుతుంటే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మా వీధి కుళాయి కట్టేశార్రా. మా కోటా అంతా చికెన్‌లో వచ్చేస్తోందట, కాగితం మీద మీ బావే సంతకం చేశారు. ఆయన స్నానం చేసి ఆఫీసుకెళ్ళాలి. గబగబా ఓ అరవై కిలోలు పట్రా!"