మేయర్ గారి కారు పరీక్షకెళ్ళిన వైనం

స్కార్‌బెక్ పట్టణ మేయర్, గౌరవనీయ కౌన్సిలర్ ఆస్వల్డ్ క్రోథర్ గారు సోమవారం ఉదయం టౌన్‌హాల్ మెట్ల మీద నిలబడి ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"మన పట్టణ అధికారిక కారు ఈ గురువారం వార్షిక ఫిట్‌నెస్ పరీక్షకు హాజరవుతుంది. హాజరవడమే కాదు, ఉత్తీర్ణత కూడా సాధిస్తుంది!"

మూడేళ్ళు దాటిన ప్రతి కారూ ఏడాదికోసారి ఆ పరీక్షకు వెళ్ళి తీరాలని దేశంలో చట్టం ఉంది. చేపల కొట్టువాడి వ్యాను కూడా నోరు మూసుకుని వెళ్ళొస్తుంది. అయితే, ఎలాగూ తప్పని పనిని సొంత నిర్ణయంలా ప్రకటించాలంటే నాయకత్వ లక్షణాలుండాలి. అవి క్రోథర్ గారిలో పుష్కలం. వానలో గొడుగులేసుకుని నిలబడ్డ పదకొండు మంది చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఏడుగురు బస్సు కోసం వచ్చినవాళ్ళు.

ఆర్నాల్డ్ మెట్‌కాఫ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి అతని చేతులు ఖాళీగా లేవు. రెండు చేతులా గొడుగు పట్టుకుని ఉన్నాడు, ఆ గొడుగు కింద మేయర్ గారున్నారు.

ఆర్నాల్డ్ ఆ కారుకు పంతొమ్మిదేళ్ళుగా డ్రైవరు. కారు వయసు కూడా పంతొమ్మిదే. కొన్న రోజుల్లో అది యార్క్‌షైర్ కొండల్లో తిరుగుతుంటే గొర్రెలు సైతం తలెత్తి చూసేవి. పొడవాటి నల్లటి ఒళ్ళు, మీగడ రంగు తోలు సీట్లు, ముందు వెండి కొంగబొమ్మ. ఇప్పుడు ఎడమవైపు దీపానికి శుక్లం వచ్చినట్టు తెల్లటి పొర కమ్మింది. ఇంజను పొద్దున్నే నాలుగుసార్లు దగ్గితే గానీ గొంతు విప్పదు. ఇవన్నీ ఆర్నాల్డ్ సర్దుకుపోయాడు. అతను సర్దుకుపోలేనిది ఒకటే. నెల రోజులుగా బ్రేకు నొక్కితే కాలు వెళ్ళాల్సినదానికన్నా లోతుకు వెళ్తోంది. కిందకు దూరి టార్చి వేసి చూశాడు. బ్రేకు నూనె వెళ్ళే సన్నటి గొట్టాలు తుప్పు పట్టి, గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలుతున్నాయి.

ఇందులో ఇంకో చిక్కుంది. ఈసారి పరీక్ష తప్పితే కారు అమ్మేయాలని ప్రతిపక్షం పోయిన సమావేశంలోనే తీర్మానం చేయించింది. కారు పోతే డ్రైవరుకూ సెలవే. ఆర్నాల్డ్ రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది.

ప్రకటన చేసిన మధ్యాహ్నమే 'పరీక్షా సంసిద్ధతా ఉపసంఘం' సమావేశమైంది. సంఘంలో సభ్యులిద్దరు: మేయర్ గారు, ప్రచార అధికారిణి ఫెలిసిటీ వేన్. బిస్కెట్ల ప్లేటు వచ్చాక ఆర్నాల్డ్‌ని లోపలికి పిలిచారు.

"చెప్పు ఆర్నాల్డ్, కారుకేం కావాలి?" అన్నారు మేయర్ గారు, బిస్కెట్టు టీలో ముంచుతూ.

"బ్రేకు గొట్టాలు మార్చాలి సార్. అన్నీ."

"అవి ఎక్కడుంటాయి?"

"కారు కింద."

మేయర్ గారు ఫెలిసిటీ వైపు చూశారు. ఫెలిసిటీ ల్యాప్‌టాప్ వైపు చూసింది.

"కింద ఉన్నవి జనానికి కనపడవు కదా," అంది ఆమె. "మా సర్వేలో జనం గుర్తించినవి మూడే. మెరుపు, జెండా, మేయర్ గారు."

"పరీక్ష చేసే ఆవిడకు కనపడతాయి మేడమ్. కారును పైకెత్తి మరీ చూస్తుంది."

"పైకెత్తుతారా!" మేయర్ గారి బిస్కెట్టు విరిగి టీలో పడింది. "మరి ముందే చెప్పవేమయ్యా? అయితే కింద కూడా రంగేయించండి."

"రంగేస్తే తుప్పు పోదు సార్. దాక్కుంటుందంతే."

"దాక్కుంటే చాలుగా," అన్నారు మేయర్ గారు ఎంతో దయగా. "మనల్ని దాక్కోమనట్లేదు కదా ఎవరూ."

ఆ దూరదృష్టి ఫలితంగా మంగళ, బుధవారాల్లో కారుకు జరిగిన సేవ స్కార్‌బెక్ చరిత్రలో మరే వాహనానికీ జరగలేదు. తోలు సీట్లకు తేనెమైనం పట్టించారు. వెండి కొంగను దంత వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి పాలిష్ చేయించారు. ముందు జెండాకు కొత్త కర్ర వచ్చింది. కారు లోపల లావెండర్ అత్తరు చల్లితే ఆర్నాల్డ్‌కు వరుసగా తొమ్మిది తుమ్ములొచ్చాయి. కారు కింద, ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా, చిక్కటి నల్ల రంగు రెండు పూతలు వేశారు. గొట్టాలు, తుప్పు, పాత బురద, ఒక ఎండిపోయిన పిచ్చుక గూడు, అన్నీ ఆ రంగు కింద సమానత్వం పొందాయి.

బుధవారం మధ్యాహ్నం ఫెలిసిటీ ఇంకో శుభవార్త తెచ్చింది. "శనివారం జరిగే పట్టణ ఊరేగింపులో కారు వెనక సీట్లో మేయర్ గారి పక్కన మిసెస్ ఎథెల్ సట్‌క్లిఫ్ కూర్చుంటారు. తొంభై ఎనిమిదేళ్ళు! ఫొటోలో ఎంత బాగుంటుందో! చర్చి దగ్గర ఎక్కించుకుని కిందికి తీసుకురావాలి."

చర్చి నుంచి కిందికంటే చర్చి బ్యాంక్ అనే నిటారు వీధి మీదుగా రావాలి. ఆ వాలులో పోస్టుమ్యాన్ కూడా సైకిలు దిగి నడుస్తాడు. వాలు అడుగున బడి గేటు ఉంది, దాని ముందు శనివారం పిల్లలు జెండాలు పట్టుకుని నిలబడతారు.

సట్‌క్లిఫ్ టీచర్ ఆ బడిలో నలభై ఏళ్ళు పాఠాలు చెప్పింది. ఆర్నాల్డ్‌కీ చెప్పింది, మేయర్ గారికీ చెప్పింది. ఆ సాయంత్రం ఆర్నాల్డ్ ఆమె ఇంటికి వెళ్ళాడు. ఊరేగింపుకు రావద్దని చెప్పడానికే వెళ్ళాడు గానీ, తలుపు తీసేసరికి ఆమె తల మీద కొత్త టోపీ ఉంది.

"ఎలా ఉందిరా ఆర్నాల్డూ?"

"బాగుంది టీచర్."

"దీనికి ముందు టోపీ నా చెల్లెలి పెళ్ళికి కొన్నాను. ఆ పెళ్ళికొడుకు పోయి ముప్ఫై ఏళ్ళయింది." టీ పోస్తూ ఆమె అతని మొహం చూసింది. "ఏంటలా ఉన్నావ్? లెక్కలు చూసి రాసినప్పుడు కూడా ఇలాగే ఉండేవాడివి."

"ఏం లేదు టీచర్."

"అప్పుడూ ఇదే అనేవాడివి."

ఆర్నాల్డ్ టీ తాగి వచ్చేశాడు. ఆ టీ రుచేమిటో అతనికి తెలియలేదు.

గురువారం. పరీక్షా కేంద్రం ఊరి చివర, టైర్ల కొట్టు పక్కన ఒక రేకుల షెడ్డు. నిర్వాహకురాలు డెనీస్ హార్‌గ్రీవ్ మాసిన నీలం ఓవరాల్‌లో బయటికొచ్చేసరికి ఎదురుగా ఆరుగురు సభ్యుల బాకా బృందం, ఒక ఫొటోగ్రాఫరు, ఎర్ర అంగీ మీద బంగారు గొలుసు వేసుకున్న మేయర్ గారు కనిపించారు.

"పరీక్ష కారుకా, మీకా?" అంది డెనీస్.

"ఇద్దరం కలిసే ఎదుర్కొంటాం," అన్నారు మేయర్ గారు. ఫెలిసిటీ ఆ మాట వెంటనే రాసుకుంది.

లోపలికి తీసుకెళ్ళేముందు ఫెలిసిటీ ఆర్నాల్డ్ పక్కకొచ్చి చెవిలో చెప్పింది. "ఆవిడ బ్రేకు నొక్కమంటే మెల్లగా నొక్కు. పసిపాప బుగ్గ నొక్కినట్టు. నీ ఉద్యోగం కూడా ఉంది ఇందులో, తెలుసుగా?"

తెలుసు. ఆ సంగతి మూడు రోజులుగా అతనికి అన్నంతో పాటు గొంతులో దిగుతూనే ఉంది.

దీపాలు చూశారు. హారన్ చూశారు. సీటుబెల్టులు లాగారు. డెనీస్ పలక మీద టిక్కులు పెడుతూ పోయింది. తర్వాత కారు నాలుగు ఇనుప చేతుల మీద నెమ్మదిగా గాల్లోకి లేచింది. ఆర్నాల్డ్ స్టీరింగు ముందే కూర్చుని దానితో పాటు పైకి లేచాడు. బాకా బృందం జాతీయ గీతం ఎత్తుకుంది.

"ఆపండయ్యా!" అని అరిచింది డెనీస్. "నాకు చప్పుళ్ళు వినపడాలి." ఆమె దీపం పట్టుకుని కారు కిందికి వెళ్ళింది. ఒక గొట్టం మీద వేలితో రాసి చూసింది. "కొత్త రంగేశారే."

"పట్టణ గౌరవం కోసం!" అన్నారు మేయర్ గారు.

"తడి కూడా ఆరలేదు మీ గౌరవం." ఆమె వేలికి అంటిన నలుపును ఓవరాల్‌కి తుడుచుకుంది. "ఆర్నాల్డ్! నేను చెప్పినప్పుడు బ్రేకు నొక్కు."

అప్పుడే ఫొటోగ్రాఫరుకు ఒక ఆలోచన వచ్చింది. మేయర్ గారు కారు కింద నిలబడి, తల పైకెత్తి, స్వయంగా తనిఖీ చేస్తున్నట్టు ఒక ఫొటో.

"పసుపు గీత దాటకండి," అంది డెనీస్.

"అమ్మా, ఈ ఊళ్ళో గీతలన్నీ గీయించింది నేనే," అని మేయర్ గారు గీత దాటి వెళ్ళి, ముందు చక్రం కింద నిలబడి, గడ్డం పైకెత్తి, దేశ భవిష్యత్తును చూస్తున్న చూపు చూశారు.

"నొక్కు!" అంది డెనీస్.

ఆర్నాల్డ్ కాలు బ్రేకు మీద ఉంది. మెల్లగా నొక్కితే మూడేళ్ళు గడిచిపోతాయి. ఒక్క క్షణం అతనికి చర్చి బ్యాంక్ వాలు కళ్ళ ముందు కనపడింది. అడుగున బడి గేటు, వెనక సీట్లో కొత్త టోపీ. సీటుకు వీపు ఆనించి, రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు.

కింద ఠప్పుమంది. కాలు నేల దాకా దిగిపోయింది.

తర్వాత వినపడింది మేయర్ గారి గొంతు. అది శాంతంగానే ఉంది. "ఇది... పరీక్షలో భాగమేనా?"

ఎర్ర అంగీ మీద, బంగారు గొలుసు మీద, గడ్డం మీద బ్రేకు నూనె కారుతోంది. తడి నల్ల రంగు ముద్దలు కొన్ని ఆయన కనుబొమలకు అతుక్కున్నాయి.

"పరీక్ష అయిపోయిందండి," అంది డెనీస్. "తప్పింది. ఇది ప్రమాదకరం కింద రాస్తున్నా. రోడ్డు మీద ఒక్క అడుగు కూడా నడపడానికి వీల్లేదు."

సాయంత్రానికల్లా పత్రికలకు ప్రకటన వెళ్ళింది: 'తన పాలనలో ఎలాంటి దాపరికమూ ఉండదని, కారులోని ద్రవాలతో సహా అంతా బహిరంగమేనని మేయర్ క్రోథర్ గారు మరోసారి నిరూపించారు.'

కారును లారీ మీదెక్కించి తీసుకొచ్చారు. మేయర్ గారు లారీలో డ్రైవరు పక్కన కూర్చుని దారి పొడవునా చెయ్యి ఊపారు. టౌన్‌హాల్ వెనక గేటులో లారీ పట్టలేదు. లారీ డ్రైవరు "నాకింకో పనుంది" అని చెప్పి, కారును ముందు మెట్ల దగ్గర, రెండు పూల మడుల మధ్య దించి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే ఆర్నాల్డ్ టోపీ చేత్తో పట్టుకుని మేయర్ గారి గదికి వెళ్ళాడు.

"సార్, బ్రేకు గట్టిగా నొక్కింది నేనే. కావాలనే."

క్రోథర్ గారు ఇంకా చెవి వెనక రంగు గోక్కుంటున్నారు. "ఎంత గట్టిగా?"

"రేపు ఆ వాలులో సట్‌క్లిఫ్ టీచర్ కారులో ఉంటే ఎంత గట్టిగా నొక్కాల్సి వస్తుందో, అంత."

మేయర్ గారు గోక్కోవడం ఆపారు. కిటికీలోంచి కారు వైపు చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో, పదేళ్ళలో మొదటిసారి, కెమెరా లేనప్పుడు వచ్చే ముఖం ఒకటి కనిపించింది. ఎక్కాలు అప్పజెప్పలేని రోజున చివరి బెంచీలో ఆస్వల్డ్ ముఖం అలాగే ఉండేదని ఆర్నాల్డ్‌కు గుర్తొచ్చింది.

"ఫెలిసిటీకి చెప్పకు," అన్నారాయన చివరికి. "ప్రకటన మళ్ళీ మార్చాలంటుంది."

మధ్యాహ్నం కౌన్సిల్ అత్యవసర సమావేశం. కారు అమ్మాలని ప్రతిపక్షం లేచింది. మేయర్ గారు చెయ్యెత్తి ఆపారు.

"మిత్రులారా, పంతొమ్మిదేళ్ళుగా ఈ కారు ఎక్కడికి వెళ్ళినా చివరికి టౌన్‌హాల్‌కే చేరింది. ఇప్పుడూ చేరింది. ఇక ఎక్కడికైనా ఎందుకు వెళ్ళాలి? పరీక్ష రోడ్డెక్కే వాహనాలకు. ఇది మన సొంత స్థలంలో ఉంది. కదలని కారు చట్టాన్ని అతిక్రమించదు, పెట్రోలు తాగదు, పొగ వదలదు. ఉత్తర ఇంగ్లండులో పూర్తిగా కాలుష్యరహితమైన మొట్టమొదటి మేయర్ కారు మనది!"

పర్యావరణం మాట వచ్చేసరికి ప్రతిపక్షానికి వ్యతిరేకించే దారి మూసుకుపోయింది. అయినా ఒకాయన లేచి, కదలని కారుకు డ్రైవరు దేనికని అడిగాడు.

"డ్రైవరు లేకుండా వదిలేస్తే జనం దాన్ని పాడైపోయిన కారనుకోరూ?" అన్నారు మేయర్ గారు.

పాత తీర్మానం రద్దు చేసి, కారునూ డ్రైవరునూ అక్కడే ఉంచాలన్న కొత్త తీర్మానం ఐదుకు పదహారు ఓట్లతో నెగ్గింది.

శనివారం ఊరేగింపు అనుకున్న సమయానికే మొదలైంది. మార్గంలో మాత్రం చిన్న సవరణ చేశారు. కారు ఊరంతా తిరిగే బదులు ఊరే కారు చుట్టూ తిరిగింది. బాకా బృందం తిరిగింది. అగ్నిమాపక దళం తిరిగింది. బడిపిల్లలు జెండాలూపుతూ పూల మడులు తొక్కకుండా మూడుసార్లు తిరిగారు. మీగడ రంగు సీట్లో కూర్చుని మేయర్ గారు కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి, లెక్క తప్పకుండా చెయ్యి ఊపుతున్నారు.

పక్కన కొత్త టోపీలో సట్‌క్లిఫ్ టీచర్ కాసేపు ఓపిక పట్టింది. తర్వాత చేతికర్రతో ఆర్నాల్డ్ కూర్చున్న ముందు సీటు మీద తట్టింది.

"ఒరేయ్ ఆస్వల్డ్, ఇది కదలట్లేదేంట్రా?"

"మంచి కారు గొప్పతనమే అది టీచర్ గారూ," అన్నారు మేయర్ గారు, కిటికీ వైపు పెట్టిన చిరునవ్వు చెదరనీయకుండా. "కదులుతున్నట్టే తెలియదు."

టీచర్ అద్దంలో ఆర్నాల్డ్ కళ్ళలోకి చూసింది. ఆర్నాల్డ్ స్టీరింగు సరిచేసుకుని, ఎందుకైనా మంచిదని ఎడమవైపు ఇండికేటర్ వేశాడు.