దేవరాజులు ఇంటి గడియారపు ముల్లు కదలకుండ బడిగంటను పరీక్షించిన విధము

మామిడి పూత రాలి పిందె నిలుచు మాసమున, కాట్పాడి నుండి పొగలు గ్రక్కుచు వచ్చు రైలుబండి కూతయే రాజశాసనముగా చెల్లు చిత్తూరు పురమున, పాకాల ఉన్నత పాఠశాలకు నిత్యము ఆ రైలులోనే పోయి వచ్చు సైన్సు మాస్టరు, టార్చిసెల్ల ధనుర్ధరుడు, దేవరాజులు అను మహావీరుడు కలడు. అతడొక యంత్రమును నిర్మించెను. గడియారపు పెద్దముల్లు తిరిగి తిరిగి ఇత్తడి రేకును తాకినంతనే, ఎవ్వరును కొట్టకయే, బడిగంట తనంతట తాను మ్రోగవలెను.

తొలి సమరమున పరాభవమే మిగిలెను. వేచియుండు ఓర్పు లేక వీరుడు బడి గడియారపు ముల్లునే వ్రేలితో ముందుకు త్రిప్పగా గంట ఘణఘణ మ్రోగెను. బాలసైన్యమెల్ల సంచులు భుజాన వైచుకొని మధ్యాహ్నము కాకమునుపే ఇండ్లకు పరుగెత్తెను. హెడ్మాస్టరు గోవిందయ్య సింహనాదము చేసెను.

“ఏమప్పా దేవరాజులూ, సాయంత్రాన్ని పొద్దున్నే పిల్సుకొచ్చినావే! సోమవారం దాకా సూస్తా. మళ్ళా పిల్లోళ్ళు ముందే పోయినారంటే నీ పెట్టెను బాయిలో ఏస్తా!”

ఆదివారమున యంత్రమును పరీక్షింప, వీరుడు తన ఇంటి గోడగడియారముపై దండెత్తెను. ముక్కాలిపీట యెక్కి చేయి చాచెనో లేదో, అట్లకాడ ధరించి భారతమ్మ ప్రత్యక్షమయ్యెను. ఆమె అతని అక్క. ఆమె కూతురు చంద్రకాంతమ్మనే పెండ్లాడెను గనుక అత్తయు నామెయే.

“దిగరా! ఆ ముల్లు యాడుండాదో ఆడే ఉండాల.”

“మళ్ళా సరిగ్గా పెడతాలే, అక్కా.”

“సరిగ్గా పెడితే ఇంకేముండాది? నువ్వు రైలు తప్పిస్తావని నా బిడ్డ ముందుకు పెట్టింది. ఎంత ముందుకో తెలుసునా నీకు?”

తెలియదు. అడుగుదమన్న, చంద్రకాంతమ్మ పోయిన కార్తీకమున కన్నుమూసెను. నాటి నుండి ఆ గడియారమునకు తప్పక కీ ఇచ్చుటయే గాని ముల్లు తాకి యెరుగడు. యుద్ధోన్మాదమున ఆ మాట మరచిన వీరుడు పీట దిగెను.

దిగి, గడియారములు బాగుచేయు కుప్పుస్వామి అంగడికేగి, తన యంత్రపు తీగలు తగిలించుటకు, స్ప్రింగు తెగి మూలబడిన గడియారమొకటి అడిగెను.

“నడవని దానికి తీగలెందుకు సార్?”

“నడిస్తేనే చిక్కప్పా. నాకు అబద్ధం టైము కావాల.”

వీధి పిల్లలు బెదరకుండ గంటను తొలగించి, దాని స్థానమున టార్చి బల్బును నిలిపి, వీరుడు ఆ నడవని గడియారపు ముల్లును వ్రేలితో త్రిప్పెను. ఉదయములు గడిచెను. సాయంకాలములు గడిచెను. బల్బు వెలుగలేదు.

భారతమ్మ తొంగిచూచెను. “ఏందిరా, నీ లోకంలో ఎన్ని పొద్దులు కుంకె! దీపం పెట్టే దిక్కే లేదే!”

అప్పుడు వీరుడు శత్రువును గుర్తించెను. రేకు మీద చిలుము! “అక్కా, చింతపండు!”

ఆమె చెంబులు తోము చింతపండు ముద్దను విసరెను. రేకు తళతళలాడెను. ముల్లు తాకెను.

వినుడు, జనులారా! శనగగింజంత వెలుగు వెలిగెను! బడి విడువలేదు, బాలుడొక్కడును పరుగెత్తలేదు, గోడమీది ముల్లు ఇసుమంతయు కదలలేదు!

సోమవారము ఆ ముల్లునే నమ్మి, యంత్రమును చంకనిడుకొని, దేవరాజులు రైలుకంటె ముందుగా స్టేషను చేరెను. ఎంత ముందుగా చేరెనో లెక్కింపలేదు.